రాయి ఒప్పుకోనిది, మైనం ఒప్పుకున్నది

చెన్నై నుంచి ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీదుగా మహాబలిపురం వెళ్ళిన తెలుగువాళ్ళలో ఆ పెద్ద శిల ముందు నిలబడి ఫోటో దిగనివాళ్ళు తక్కువ. ఏనుగులు, మునులు, గంధర్వులు, జింకలు, ఒంటికాలి మీద తపస్సు చేస్తున్న మనిషి, అతన్ని చూసి తానూ ముందుకాళ్ళు పైకెత్తి నిలబడ్డ పిల్లి, ఇవన్నీ ఒకే చోటికి ముఖాలు తిప్పి ఉండే ఆ శిల్పాన్ని 7వ శతాబ్దంలో పల్లవులు చెక్కించారు. అది అర్జునుడి తపస్సా, గంగావతరణమా అన్న వాదన ఇంకా తెగలేదు. తెగకపోయినా మన విషయానికి లోటు లేదు. ఆ శిల నడుమ పైనుంచి కిందిదాకా ఒక చీలిక ఉంది. దాన్ని ఏ శిల్పీ చెక్కలేదు, అది రాతికి ముందునుంచీ ఉన్నదే. శిల్పులు ఆ చీలికలో నాగుల్ని నిలిపారు, రెండు వైపులా ఉన్న జీవరాశినంతటినీ దానివైపు నడిపించారు. శిల నెత్తిన నీటిని నిలవచేసే ఏర్పాటు ఉండేదనడానికి ఆనవాళ్ళు కూడా ఉన్నాయి కాబట్టి, ఏ పర్వదినాన్నో ఆ పగులు గుండా నిజం నీళ్ళే దిగి ఉండవచ్చు.

మామూలుగా పగులున్న రాయిని శిల్పి దగ్గరికే రానివ్వడు. సుత్తితో తట్టి చూసి, గంటలాగా మోగితే మంచి రాయి అనీ, బొంగురుగా పలికితే లోపల ఎక్కడో చీలిక ఉందనీ లెక్క వేయడం శిల్పుల్లో తరతరాల అలవాటు. అటువంటి దోషమే ఇక్కడ నది అయి కూర్చుంది. నది కథ ముందు అనుకొని దానికి తగిన రాయి వెతికారా, రాయిని చూశాక నది కథ తోచిందా అన్నది ఇప్పుడు ఎవరూ తేల్చలేరు గానీ, ఆ చీలిక లేకపోతే ఆ కూర్పు ఆ రూపంలో ఉండేది కాదని చెప్పడానికి మాత్రం శిల్పశాస్త్రం చదవనక్కర్లేదు.

భావం ముందు పుడుతుంది, పదార్థం దానికి తొడుగు మాత్రమే అన్న నమ్మకం మనలో గట్టిగా పాతుకుపోయింది. మనసులోని భావాలకు రంగుల్లో ప్రాణం పోశారనో, కుంచెతో కవిత్వం రాశారనో అనకుండా చిత్రకళా ప్రదర్శన గురించి రాసిన సమీక్ష దొరకడం కష్టం. దీనికి విరుగుడుగా ఈమధ్య మరో మాట వాడుకలోకి వచ్చింది: పదార్థమే మాట్లాడుతుందట, కళాకారుడు వింటాడట. వినడానికి సొంపుగానే ఉంటుంది గానీ, రాయి ఏం మాట్లాడిందో చెప్పమంటే ఎవరూ చెప్పరు. ఈ రెండు మాటల మధ్య పడి అసలు సంగతి, అంటే చేతిపని జరిగే తీరు ఆలోచనను ఎలా మలుస్తుందన్నది, ఎప్పుడూ మసకగానే మిగిలిపోతుంది.

ఈ చిక్కును విప్పుకోవడానికి నాకు అన్నిటికంటే పనికివచ్చిన ప్రశ్న చాలా చిన్నది: ఈ పనిలో తప్పును ఎప్పటిదాకా దిద్దుకోవచ్చు? ఏ కళలోనైనా వెనక్కి తీసుకోవడానికి వీల్లేని అడుగు ఒకటి ఉంటుంది. అది కొన్నింటిలో మొదట్లోనే పడుతుంది, కొన్నింటిలో చివర్లో పడుతుంది, కొన్నింటిలో ప్రతి క్షణమూ పడుతూనే ఉంటుంది. ఆ అడుగు ఎక్కడుందో చూస్తే, కళాకారుడి ఆలోచన ఎక్కడ గుమిగూడుతుందో, ఎందుకు కొన్ని రూపాలు కొన్ని పదార్థాల్లోనే పుట్టాయో చాలావరకు అర్థమవుతుంది.

దీన్ని పరీక్షించడానికి చెన్నైలో ఎగ్మోర్ ప్రభుత్వ మ్యూజియం కంటే మంచి చోటు లేదు, ఎందుకంటే అక్కడ రాయీ లోహమూ ఒకే ఆవరణలో ఉన్నాయి. అమరావతి శిల్పాల గదితో మొదలుపెట్టాలి. 1845లో వాల్టర్ ఇలియట్ అనే ఇంగ్లీషు అధికారి తవ్వించి మద్రాసుకు తెప్పించిన స్తూపం రాళ్ళు అందులో ఉన్నాయి. మరికొన్ని లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. మన ఊరి రాళ్ళను చూడటానికి మనం మరో ఊరు రావలసి రావడం గురించి చెప్పుకుంటే అదొక పెద్ద కథ, ఇక్కడ వద్దు. వీటిని ఇంగ్లీషువాళ్ళు మార్బుల్స్ అని పిలిచిన పాపానికి చాలామంది ఇప్పటికీ పాలరాళ్ళే అనుకుంటారు గానీ, నిజానికి ఇవి కొద్దిగా ఆకుపచ్చ ఛాయ ఉన్న తెల్లటి పల్నాటి సున్నపురాళ్ళు.

అక్కడ నాలాగిరి ఏనుగును బుద్ధుడు శాంతింపజేసిన కథ చెక్కిన గుండ్రటి పలక ఒకటి ఉంది. ఎడమ వైపున మదమెక్కిన ఏనుగు వీధిలో మనుషుల్ని తొక్కేస్తోంది; కుడి వైపున అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లి ఉంది. పైన మేడల గవాక్షాల్లోంచి జనం తొంగిచూస్తున్నారు. భయపడి ఒకరినొకరు కరుచుకున్నవాళ్ళు, పక్కకు ఒరిగినవాళ్ళు, పరుగెత్తేవాళ్ళు, ఇంతమంది కొద్ది అంగుళాల లోతులో ఒకరి వెనక ఒకరు నిలబడ్డారు. అరచేతిలో పట్టేంత చోటులో మూడు ముఖాలు ఇమిడి ఉంటాయి, ఒక్కొక్కటీ ఒక్కో తీరులో ఉంటుంది. సన్నటి రేణువులున్న సున్నపురాయి ఉలి మొనకు లొంగుతుంది, పల్చటి అంచును కూడా నిలుపుకుంటుంది. అందుకే గుంపు అన్నది అమరావతి శిల్పి ఆలోచనలో అంత సహజంగా ఇమిడింది. ఒకే రాతిలో కథ రెండు ఘట్టాలుగా జరగడానికి తగినంత చోటు ఆ రాయి ఇచ్చింది.

మహాబలిపురం గ్రానైటు ఆ చోటు అంత సులువుగా ఇవ్వదు. అందులో గట్టి స్ఫటికాలు ముతకగా కలిసి ఉంటాయి. ఉలి దెబ్బకు అవి పొడిపొడిగా రాలతాయే తప్ప తరిగిన వెన్నలాగా రావు, పల్చటి అంచు తీయబోతే పెచ్చుగా లేచిపోతుంది. అందుకని పల్లవ శిల్పి నగలను తగ్గించాడు, బట్ట మడతలను గీతలతో సరిపెట్టాడు, బొమ్మను నున్నటి గుండ్రటి ముద్దగా ఉంచి ఆ ముద్ద నిలుచున్న తీరులోనే ప్రాణమంతా పెట్టాడు. అక్కడి ఏనుగుల్ని చూస్తే ఇది తెలుస్తుంది. వాటి ఒంటి మీద గీతలు ఎంతో తక్కువ. అయినా బరువు తెలుస్తుంది, నడక తెలుస్తుంది, కాళ్ళ కింద నీడన నిలబడ్డ పిల్ల ఏనుగుల భరోసా కూడా తెలుస్తుంది.

పనిలోని క్రమం కూడా ఇక్కడ కనిపిస్తుంది. ఏకశిలా రథాలను పైనుంచి కిందికి చెక్కుకుంటూ వచ్చారు, ఎందుకంటే పైన రాలిన పెళ్ళలు కింద పూర్తయిన పనిని పాడుచేయకూడదు, ఎక్కి నిలబడటానికి కింద రాయి మిగిలి ఉండాలి. అసంపూర్తిగా ఆగిపోయిన రథాల్లో పై శిఖరం తీరుగా ఉండి, అడుగున మొరటు బండ అలాగే కనిపించడానికి కారణం అదే. అంటే కింద ఏం రాబోతోందో, పైనుంచి మొదటి దెబ్బ వేసేసరికే తేలిపోయి ఉండాలి. చెక్కడంలో ప్రతి దెబ్బా తిరుగులేనిదే. అందుచేత రాతిపనివాడి ఆలోచన చాలావరకు ఉలి పట్టకముందు జరుగుతుంది, ఉలి పట్టాక జరిగేదంతా ఒక రకమైన జాగ్రత్త.

ఇక కంచు గదిలోకి వెళితే ఈ జాగ్రత్త ఒక్కసారిగా మాయమవుతుంది. తిరుత్తణి పక్కన ఉన్న తిరువాలంగాడు నుంచి వచ్చిన నటరాజు అక్కడే ఉన్నాడు. ఒక్క కాలి మీద ఒళ్ళంతా నిలిపి, రెండో కాలు అడ్డంగా పైకెత్తి, నాలుగు చేతులూ గాలిలోకి చాచిన ఆ నిలకడను రాతిలో ఊహించి చూడండి. రాయి మీద ఎంత బరువు పెట్టినా మోస్తుంది, కానీ వంచబోతే, లాగబోతే విరుగుతుంది. గాలిలోకి చాచిన రాతిచెయ్యి తన బరువుకు తానే తెగిపడే ప్రమాదం ఉంటుంది. అందుకే రాతి నటరాజులు దాదాపుగా వెనకనున్న గోడను అంటిపెట్టుకొనే నాట్యం చేస్తారు. లోహానికి ఆ బెంగ లేదు; అది సాగడాన్నీ వంగడాన్నీ తట్టుకుంటుంది. గోడ వదిలి బయటికి వచ్చి, చుట్టూ తిరిగి చూడదగ్గ నర్తకుడైన శివుడు చోళుల కాలంలో అంత నిండుగా రూపుకట్టడంలో లోహం పాత్ర లేదని ఎవరూ అనలేరు.

అయితే ఇక్కడొక మెలిక ఉంది. లోహం దొరికింది కాబట్టి ఈ రూపం పుట్టిందంటే సగం మాటే చెప్పినట్టు. గర్భగుడిలోని మూలవిరాట్టు కదలదు, అది రాయి. ఊరేగింపుకు బయలుదేరే ఉత్సవమూర్తిని మనుషులు భుజాల మీద మోయాలి, అది లోహం. పీఠం అడుగున కర్రలు దూర్చి బిగించడానికి రంధ్రాలు, కొక్కేలు ఉంటాయి. ముందు కావలసింది వీధిలోకి వచ్చే దేవుడు. ఆ అవసరం లోహాన్ని ఎంచుకుంది. ఎంచుకున్న లోహం ఆ తరువాత శిల్పి ఎదుట కొత్త వీలును తెరిచింది. భావం, అవసరం, పదార్థం ఒకదాన్నొకటి నెట్టుకుంటూ వచ్చిన వరస ఇది. ఏది ముందన్న ప్రశ్నకు ఒకే జవాబు ఉండాలని పట్టుబట్టడం వల్లనే ఈ విషయం మీద చర్చలు అంత విసుగ్గా తయారవుతాయి.

అంతకంటే ముఖ్యమైన సంగతి ఏమిటంటే, ఆ నటరాజును లోహంలో ఎవరూ చెక్కలేదు. మైనంలో చేశారు. మధూచ్ఛిష్ట విధానమని శాస్త్రాలు చెప్పే ఈ పద్ధతిని కుంభకోణం పక్కన ఉన్న స్వామిమలైలో స్థపతులు నేటికీ పాటిస్తున్నారు. తేనెమైనంలో గుగ్గిలం, కాస్త నూనె కలిపి కరగబెట్టి, ముద్ద చేసి, దానితో బొమ్మను మలుస్తారు. కొలతలకు టేపు వాడరు. కొబ్బరాకు పట్టీని మడతలు పెట్టి తాళమానం ప్రకారం తల ఇంత, మొండెం ఇంత, తొడ ఇంత అని గుర్తించుకుంటారు. బొమ్మ పూర్తయ్యాక దాని మీద కావేరి ఒండ్రుమట్టిని పల్చగా పూస్తారు. వేలి గోరు గీత, కనురెప్ప అంచు ఎక్కేది ఈ మొదటి పూతలోనే. ఆ పైన ముతక మట్టి పొరలు పొరలుగా వేసి, పెద్ద బొమ్మయితే ఇనప తీగలు చుట్టి ఆరబెడతారు. కాల్చినప్పుడు మైనం కరిగి కారిపోతుంది, లోపల మనిషి ఆకారంలో ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలోకి కరిగిన పంచలోహం పోస్తారు. దక్షిణాది ఉత్సవమూర్తులు ఎక్కువగా లోపల బోలు లేకుండా ఘనంగా పోసినవే. చల్లారాక మట్టి అచ్చును పగలగొట్టాలి. ఆ అచ్చుతో రెండో బొమ్మ రాదు.

ఇప్పుడు మన ప్రశ్న వేద్దాం. తప్పును ఎప్పటిదాకా దిద్దుకోవచ్చు? మట్టి పూసేదాకా ఎన్నిసార్లయినా దిద్దుకోవచ్చు. మైనం వేడి తగిలితే మెత్తబడుతుంది, చల్లటి నీళ్ళలో ముంచితే బిగుసుకుంటుంది. వేలు పెట్టి నొక్కవచ్చు, చాకుతో తీయవచ్చు, నచ్చకపోతే చెయ్యి మొత్తం విరిచేసి కొత్త చెయ్యి అంటించవచ్చు. తిరుగులేని అడుగు ఒక్కటే, లోహం పోయడం. అది కొద్ది నిమిషాల పని, ఆ నిమిషాల్లో శిల్పి కంటికి బొమ్మ కనిపించదు కూడా. చోళ కంచు బొమ్మల్లో నడుము వంపు, వేళ్ళ చివర విరుపు, భుజం మీద జారిన గుడ్డ అంచు అంత వదులుగా, అంత తడిగా ఉండటానికి కారణం నాకు ఇదేననిపిస్తుంది. ధ్యానశ్లోకం ఏ చేతిలో ఏ ఆయుధమో చెప్పింది, తాళమానం ఏ అంగం ఎంతో చెప్పింది. మిగిలిన స్వేచ్ఛంతా మైనం దగ్గర దొరికింది, అక్కడే ఆలోచన గుమిగూడింది. పోత పోసిన తరువాత ఉలితో చెక్కే పని ఆ కాలంలో తక్కువనీ, తరువాతి శతాబ్దాల్లో పెరిగిందనీ శిల్ప చరిత్రకారులు అంటారు. తరువాతి కాలపు బొమ్మల్లో నగల గీతలు పదునుగా ఉండి ఒళ్ళు బిగుసుకున్నట్టు కనిపించడాన్ని ఈ మార్పుతో కలిపి చూడవచ్చు.

మెరీనా బీచిలో 1959లో నిలిపిన శ్రమజీవుల విగ్రహాన్ని కూడా ఈ దారిలోనే చూడాలి. మద్రాసు చిత్రకళాశాలకు ప్రిన్సిపాల్ అయిన మొదటి భారతీయుడు దేవీప్రసాద్ రాయ్ చౌధురి చేసిన ఆ విగ్రహంలో నలుగురు మనుషులు ఒక బండరాయిని కదిలిస్తుంటారు. పేరుకు రాతితో పోరాటమే గానీ, దాన్ని రాతిలో చేయలేదు. మట్టి ముద్ద మీద ముద్ద పెట్టి కండరాలను పెంచుకుంటూ పోయి, చివరికి కంచులో పోశారు. రాయి ఒంట్లోంచి తీసివేస్తూ పోతే రాని తెగువ, మట్టిని కలుపుతూ పోయినప్పుడు వస్తుంది.

కలంకారీ దగ్గరికి వస్తే తిరుగులేని అడుగు మరో విచిత్రమైన చోట కనిపిస్తుంది. శ్రీకాళహస్తి చెన్నైకి దూరమేమీ కాదు కాబట్టి ఇక్కడ చేతివృత్తుల ప్రదర్శన ఎప్పుడు జరిగినా అక్కడి పనివాళ్ళు వస్తూంటారు. అలాంటి ఒక ప్రదర్శనలో, బల్ల మీద గుడ్డ పరచుకొని గీస్తున్న ఒకావిడ పక్కన ఒక మధ్యాహ్నమంతా కూర్చున్నాను. వెదురుపుల్లను చివర చెక్కి, మొనకు కాస్త పైన గుడ్డపీలికలు చుట్టి దారంతో కట్టినదే ఆమె కలం. ఆ చుట్టను ద్రవంలో ముంచి, వేళ్ళతో కొద్దిగా ఒత్తుతూ గీస్తే మొన గుండా రంగు దిగుతుంది. ఎంత ఒత్తితే ఎంత దిగుతుందన్న లెక్కంతా బొటనవేలిలో ఉంటుంది.

గుడ్డను అంతకుముందే కరక్కాయ కషాయంలో, గేదెపాలలో తడిపి ఎండబెట్టి ఉంచారు. కరక్కాయలోని వగరు పదార్థం రంగును పట్టుకోవడానికి, పాలలోని కొవ్వు రంగు పాకకుండా ఉండటానికి. నల్ల గీతకు వాడేది కసిమి. తుప్పు పట్టిన ఇనుమును బెల్లం నీళ్ళలో వేసి రోజుల తరబడి పులియబెడితే వచ్చే ద్రవం. కుండలో ఉన్నప్పుడు అది అంత నల్లగా ఉండదు. గుడ్డకు తగిలి, అందులోని ఇనుము కరక్కాయ వగరుతో కలిశాకే నలుపు తేలుతుంది. ఒకసారి తేలిందంటే ఎన్ని ఉతుకులు ఉతికినా పోదు. చింతబొగ్గుతో వేసిన చిత్తుగీతలు దులిపితే పోతాయి గానీ, కసిమి గీత పోదు.

నల్ల గీతలు అయ్యాక ఆమె మరో గిన్నెలోంచి నీళ్ళలాంటిది తీసుకొని సీతమ్మ చీర మీదా, చుట్టూ ఉన్న తామరల మీదా పూస్తూ పోయింది. అది పటిక నీళ్ళు. గుడ్డ తడిసింది తప్ప ఏ రంగూ కనిపించలేదు.

"ఇందులో ఎరుపు ఎక్కడక్కా?" అని అడిగాను.

"ఉండాది సార్, మీకు కనపడలా, అంతే," అంది.

ఆమె చెప్పింది అక్షరాలా నిజం. పటిక పూసిన గుడ్డను ఆరనిచ్చి, పారే నీళ్ళలో ఉతికి, ఎరుపునిచ్చే చిరివేరు గానీ మంజిష్ఠ గానీ వేసిన నీళ్ళలో ఉడికిస్తారు. ఇప్పుడు చాలాచోట్ల వేరు బదులు అంగట్లో దొరికే అలిజరిన్ అనే ఎర్రరంగు వేస్తున్నారు. పటిక తగిలిన చోట్లనే ఎరుపు గట్టిగా పట్టుకుంటుంది. మిగతా చోట్ల అంటిన లేత ఛాయ తరువాతి ఉతుకుల్లో, ఎండలో వదిలిపోతుంది. ఆ తరువాతే పసుపు, అన్నిటికీ చివర నీలం. పసుపు మీద నీలం పడిన చోట ఆకుపచ్చ. అంటే ఈ చిత్రకారిణి ఎరుపును చూస్తూ ఎరుపు వేయదు. ఉండబోయే ఎరుపును లెక్కలో పెట్టుకొని కంటికి కనిపించని నీళ్ళతో వేస్తుంది. నూనెరంగుల్లో చిత్రకారుడు ఒక రంగు పెట్టి, వెనక్కి జరిగి చూసి, పక్క రంగు నిర్ణయించుకుంటాడు. ఇక్కడ ఆ వెనక్కి జరిగి చూడటమే లేదు. అందుచేత కలంకారీలో రంగులు ఛాయలుగా ఒకదానిలో ఒకటి కరగవు, గీత కట్టిన గడుల్లో విడివిడిగా నిలుస్తాయి. ముఖం పసుపు, చీర ఎరుపు, రాముడు నీలం అన్న ఏర్పాటు ముందే స్థిరపడి ఉండటం చాదస్తమని కొందరు అంటారు గానీ, ఉడికే గాబు ముందు నిలబడి చూస్తే అది చాదస్తం కాదు, అవసరమని తెలుస్తుంది. ఎరుపు చోట్లన్నీ ఒకేసారి తేలిపోవాలి, ఎందుకంటే ఉడికించడం ఒకేసారి జరుగుతుంది.

కాసేపటికి నా చేతికీ కలం ఇచ్చింది. నేను ఒత్తవలసిన దానికంటే ఎక్కువ ఒత్తాను, కసిమి ఒక పెసరగింజంత బొట్టుగా తెల్ల జాగాలో పడి, చూస్తుండగానే నల్లబడింది. ఆమె ఏమీ అనకుండా నా చేతిలోంచి కలం తీసుకొని, ఆ బొట్టు చుట్టూ నాలుగు రేకులు గీసి, అక్కడినుంచి ఒక తీగను అంచుదాకా సాగదీసింది. కలంకారీ గుడ్డల ఖాళీల్లో కనిపించే పూలన్నీ ఇలా పుట్టినవేనని నేను అనను. కొన్ని మాత్రం తప్పకుండా ఇలా పుట్టి ఉంటాయి. మహాబలిపురంలో పగులును నది చేసిన బుద్ధి ఇదే, కాకపోతే అక్కడ రాతి తప్పు, ఇక్కడ నా తప్పు.

తోలుబొమ్మల గురించి ఒక్క మాట చెప్పి ముందుకు వెళ్తాను. అనంతపురం వైపు నిమ్మలకుంటలో మేకతోలును వెలుతురు దాటేంత పల్చగా తయారుచేసి బొమ్మలు కడతారు. ఆ బొమ్మ నగలన్నీ తోలుకు పొడిచిన రంధ్రాలే. దీపం ముందు పెట్టనిదే ఆ నగలు కనిపించవు. అక్కడ మెరుపు అంటే బంగారు రంగు కాదు, తోలు లేకపోవడం. రంగు వేసి మెరుపు తేవాలనుకునే బుద్ధికీ, పదార్థాన్ని తీసేసి మెరుపు తేవాలన్న బుద్ధికీ మధ్య చాలా దూరం ఉంది, ఆ దూరాన్ని తోలే నడిపించింది.

పదార్థమంటే రాయి, రంగు, గుడ్డ మాత్రమే కాదు. బొమ్మ చివరికి ఏ యంత్రం గుండా పాఠకుడికి చేరుతుందన్నది కూడా పదార్థమే. దీనికి చెన్నైలోని వడపళని మంచి ఉదాహరణ. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టిన చందమామ అక్కడి ప్రెస్సులోనే అచ్చయ్యేది. అప్పటి అచ్చు పద్ధతిలో గీతబొమ్మను ఫోటో తీసి, జింకు రేకు మీదికి ఎక్కించి, ఆమ్లంలో తినిపించి బ్లాకు చేసేవారు. ఆ బ్లాకుకు తెలిసినవి రెండే, సిరా అంటుకునే చోటు, అంటుకోని చోటు. బూడిదరంగు అనేది అందులో లేదు. నీడ కావాలంటే గీతల్ని దగ్గరదగ్గరగా పెట్టాలి, వెలుతురు కావాలంటే దూరం జరపాలి. శంకర్ గీసిన విక్రమార్కుడు శవాన్ని భుజాన వేసుకొని నడిచే అడవిని మరోసారి చూడండి. చెట్టు బెరడు, రాత్రి చీకటి, శవం జుట్టు, రాజు కండలు అన్నీ గీతలే, ఒక్కో వస్తువుకూ గీత నడక వేరు. మనకు చిన్నప్పుడు భయమేసింది బేతాళుడి ముఖాన్ని చూసి కాదు, ఆ అడవి గీతల్ని చూసి. నీడను పూయడానికి వీలుంటే ఆ గీతల భాష అంత పెరిగి ఉండేది కాదేమో.

అదే పత్రిక అట్టమీద వడ్డాది పాపయ్య వేసిన నీటిరంగుల బొమ్మలు మరో దారి. నీటిరంగుల్లో తెలుపు అంటే కాగితం; వెలుతురు ఉండవలసిన చోటును మొదటినుంచీ ముట్టకుండా కాచుకోవాలి. పైగా ఈ మద్రాసు ఉక్కలో కాగితం ఎప్పటికి ఆరుతుందో చెప్పలేం. నవంబరు వానల్లో నేను వేసిన బొమ్మల్లో ఆకాశం పూర్తయిందనుకొని కొబ్బరిచెట్టు మొదలుపెడితే, చెట్టు ఆకాశంలోకి కారిపోయిన సందర్భాలు లెక్కలేనన్ని. ఇక బాపు గీతలోని పొదుపును మెచ్చుకోనివారు ఉండరు. ఆ పొదుపు ఆయన చేతిది, అందులో సందేహం లేదు. కానీ నాసిరకం న్యూస్‌ప్రింటు మీద, చిన్న సైజులో అచ్చయినా చెక్కుచెదరని గీత కావాలన్న పత్రికల అవసరం కూడా ఆ చేతికి తర్ఫీదు ఇచ్చిందని నా నమ్మకం.

ఇంతదాకా చదివినవారు పదార్థమే అంతా నిర్ణయిస్తుందన్నమాట అనుకుంటే, వారిని ఒకసారి పాలంపేట రామప్ప గుడికి పంపాలి. 1213లో కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన ఆ గుడి చూరు కింద నిలబడ్డ మదనికలు అనే స్త్రీమూర్తులు నల్లటి కఠినమైన రాతిలో చెక్కినవి. గట్టి రాయి వివరాలను ఒప్పుకోదని ఇందాక నేను చెప్పిన సూత్రం ప్రకారం అవి మొరటుగా ఉండాలి. కానీ అక్కడ నగల పోగులు లెక్కపెట్టవచ్చు, నున్నదనం అద్దంలా ఉంటుంది. రాయి గట్టిదైతే పని ఆగదు, పనికి పట్టే కాలం పెరుగుతుంది. ఆ కాలానికి కూలి ఇచ్చే ప్రభువు, తరాలుగా పదునెక్కిన పనిముట్లు, నున్నగా అరగదీయడానికి ఓపిక, ఇవి ఉంటే రాయి ఒప్పుకోనిదాన్ని ఒప్పించవచ్చు. కాబట్టి పదార్థం హద్దులు గీస్తుందనడం కంటే, ప్రతి పనికీ ఒక వెల చెబుతుందనడం సరైనది. పల్లవులు ఆ వెల కట్టకుండా సౌష్ఠవాన్ని ఎంచుకున్నారు, కాకతీయులు కట్టి సొగసును కొన్నారు. రెండూ ఆలోచించి చేసిన పనులే.

ఆ వెల ఒక్కోసారి అచ్చంగా డబ్బే. 1966లో కె.సి.ఎస్. పణిక్కర్ ఆధ్వర్యంలో ఇంజంబాక్కంలో చోళమండలం కళాకారుల గ్రామం పుట్టినప్పుడు, ఆ చిత్రకారులు, శిల్పులు బాతిక్ వంటి చేతిపనుల వస్తువులు చేసి అమ్ముకొని స్థలం కొనుక్కున్నారు, బొమ్మలు అమ్ముడుపోని రోజుల్లో వాటితోనే బతికారు. బాతిక్‌లో గుడ్డకు మైనం పూసి రంగులో ముంచుతారు. మైనం నలిగి పగిలిన చోట్ల రంగు దూరి సన్నటి చారలు పడతాయి. ఆ చారలను ఎవరూ పూర్తిగా అదుపు చేయలేరు. పొద్దున బాతిక్ చేసిన చెయ్యి సాయంత్రం కాన్వాసు పట్టుకుంటే, అలవాట్లు ఇటునుంచి అటు పోకుండా ఉంటాయా? ఆ బృందంలోని పి.వి. జానకిరామ్ రాగిరేకును కొట్టి, వంచి, అతికి శిల్పాలు చేశారు. రేకుకు ముందూ వెనకా ఉంటాయి గానీ లోపల ఉండదు. అందుకే ఆయన శిల్పాలు మనకు ఎదురుగా నిలబడి చూస్తాయి, చుట్టూ తిరగమని అడగవు. గుళ్ళో మూలవిరాట్టుకు తొడిగే వెండి కవచం గుర్తుకు రాక మానదు. చుట్టూ తిరిగి చూసేదే శిల్పమని పడమటి పాఠాలు చెబుతున్న కాలంలో, ఎదుటినుంచి చూసేదీ శిల్పమేనన్న జవాబు ఒక రేకులోంచి రావడం చిన్న విషయం కాదు.

నూనెరంగుల సంగతి అందరికీ తెలిసినదే గనుక క్లుప్తంగా చెబుతాను. నూనె నెమ్మదిగా ఆరుతుంది కాబట్టి రంగును రంగులో కలుపుతూ చర్మపు ఛాయలు తేవచ్చు, తప్పు పోతే గీకేయవచ్చు. 1841లో జాన్ రాండ్ తగరపు ట్యూబును కనిపెట్టాక ఆ రంగును సంచీలో వేసుకొని బయట ఆరుబయలుకు వెళ్ళడం తేలికైంది. ఇప్పుడు టాబ్లెట్ మీద వేసే బొమ్మలో తిరుగులేని అడుగే లేదు. అది సుఖమే, నేనూ వాడతాను. కానీ దేన్నయినా వెనక్కి తీసుకోవచ్చని తెలిసిన చెయ్యి ఎక్కడ ఆగాలో తేల్చుకోలేక తంటాలు పడటం కూడా చూస్తూనే ఉన్నాను. వెనక్కి వెళ్ళే మీట ఇచ్చినవాళ్ళు ఆగే మీట ఇవ్వలేదు.

మహాబలిపురంలో మధ్యలో ఆగిపోయిన గుహాలయాల గోడల మీద ఇప్పటికీ ఒక గుర్తు చూడవచ్చు. పల్లవ పనివాళ్ళు రాతిని నిలువుగా, అడ్డంగా గాళ్ళు కొట్టి చదరాలుగా విడదీసి, ఆ చదరాలను ఒక్కొక్కటిగా రాల్చుకుంటూ లోపలికి వెళ్ళారు. అక్కడికి కొద్ది దూరంలోనే ఉన్న ఒక శిల్పశాలలో మొన్న ఒక కుర్రవాడు గ్రైండరుతో పని చేస్తున్నాడు. నెల్లూరు జిల్లాలోని ఏదో పల్లెకు వెళ్ళవలసిన ఆంజనేయస్వామి అది. పళ్ళచక్రం రాతిలోకి దిగినంత మేర వరసగా చీలికలు కోసి, మధ్యలో మిగిలిన పలకలను సుత్తితో టపటపా రాలుస్తున్నాడు. పద్ధతి అదే, వేగం వేరు. ముక్కు, పెదవులు వచ్చేసరికి యంత్రం ఆపి ఉలి తీసుకున్నాడు. నా కన్ను మాత్రం స్వామి తోక దగ్గర ఆగింది. అది వీపు వెనకనుంచి లేచి తల మీదుగా అందంగా వంపు తిరిగింది గానీ, తోకకూ తలకూ మధ్య రాతిని తీసివేయకుండా పలకలాగా వదిలేశాడు. గ్రైండరు చేతిలో ఉండగా ఆ నాలుగంగుళాల రాయి తీయడం ఎంతసేపని, విడిగా ఉంటే ఇంకా బాగుండేది కదా అని నాకొచ్చిన అరకొర తమిళంలో అడిగాను.

అతను ముఖానికి కట్టుకున్న గుడ్డ కిందికి లాగి, నా తమిళం విని, తెలుగులోనే జవాబిచ్చాడు. "లారీ ఎక్కాలి కదా సార్."